అప్ప వాళ్ళ మూడో అంతస్తు

మొదట్లో అది మోకాలి నొప్పే అనుకున్నాను. మా ఆయన కూడా అలాగే అనుకున్నాడు. చలికాలం సాయంత్రాలు ఆవనూనె గోరువెచ్చగా కాచి, అందులో కర్పూరం కలిపి, నా కుడి మోకాలికి రాసేవాడు. ఆయన కార్ఖానాలో క్రేన్ నడిపి రిటైరయిన మనిషి. ఎంత బరువునైనా కుదుపు లేకుండా దింపడానికి అలవాటుపడ్డ చేతులు కదా, నూనె రాస్తున్నా అదే నిదానం. కర్పూరం వాసనకి కళ్ళు మూతలు పడేవి. హాయిగానే ఉండేది. నొప్పి మాత్రం తగ్గేది కాదు. అది మోకాలిలో లేదని, పైన తుంటిలో పుట్టి తొడలోంచి కిందికి జారి వస్తోందని మాకప్పుడు తెలియదు. ఆ చలికాలమంతా ఏ పాపం ఎరగని మోకాలికి సేవలు చేశాం.

నేను సాక్చి బజారులో ఒక చీరల దుకాణంలో పనిచేస్తాను. పెళ్ళయిన కొత్తలో చేరాను, ఇప్పటికీ అక్కడే. మా దుకాణంలో కూర్చునే చోటుని అందరూ గద్దీ అంటారు. గోడ నుంచి గోడ దాకా పరిచిన తెల్లటి పరుపు. దానిమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, వెనక అరల్లోంచి చీరలు లాగి, కొంగు ఒక్క విసురుతో విప్పి చూపించాలి. పొద్దుగూకేసరికి విప్పిన చీరలు నా చుట్టూ ఒకదానిమీద ఒకటి పడి, ఆకుపచ్చా పసుపూ కుంకుమరంగూ కలిసి పారుతున్న నీళ్ళలా ఉండేవి. ఆ నీళ్ళ మధ్య దీవిలాగా నేను. కూర్చోవడం, లేవడం, పై అర అందుకోవడం, మళ్ళీ కూర్చోవడం. ఎన్నేళ్ళు చేశానో ఆ పని. అది పని అని కూడా తోచేది కాదు.

తర్వాత చిన్న చిన్నవి ఒక్కొక్కటీ నాకు దూరం కావడం మొదలయింది. ముందు కుడికాలి గోళ్ళు. వంగి తీసుకుందామంటే చెయ్యి అందేది కాదు. తర్వాత చెప్పు పట్టీ. తర్వాత ఆటో దిగడం. పొద్దున్న మంచం దిగి వేసే మొదటి అడుగులు నావి కావనిపించేవి. ఎవరిదో చెక్కకాలు అరువు తెచ్చుకుని, అది నాకు అలవాటయ్యేదాకా గోడ పట్టుకుని నడుస్తున్నట్టుండేది. వంటింటి దాకా వెళ్ళేసరికి కాస్త కరిగేది. కలల్లో మాత్రం కుంటేదాన్ని కాదు. కలలో నది ఇసుక మీద పరికిణీ ఎత్తిపట్టుకుని పరిగెత్తేదాన్ని. మెలకువ వచ్చాక కూడా ఆ పరుగు కాసేపు ఒంట్లో ఉండేది. అందుకే లేవడానికి ఆలస్యం చేసేదాన్ని.

ఒక పెళ్ళిళ్ళ సీజన్‌లో, బెంగాలీ తల్లీకూతుళ్ళు ఎర్ర బనారసీ చూస్తుంటే, ఇంకో రంగు తీద్దామని లేవబోయాను. తుంటి దగ్గర ఏదో పట్టేసింది. లేవలేకపోయాను. చెయ్యి ఆనించి మళ్ళీ ప్రయత్నించాను. ఊహూఁ. పెళ్ళికూతురు చీర ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తోంది. "ఆంటీ, ఠీక్ హై నా?" అని అడిగింది. "ఠీక్ హై, ఠీక్ హై" అంటూ నవ్వాను. పక్కన పనిచేసే ఆడపిల్లలిద్దరు వచ్చి చెరో చెయ్యీ పట్టుకుని లేపారు. దుకాణం వెనక సరుకు గదిలోకి వెళ్ళి, చీరల బేళ్ళకి ఆనుకుని నిలబడ్డాను. కొత్తబట్టల గంజి వాసన. బయట సాక్చి రొద ఎక్కడో నీళ్ళ అడుగునుంచి వినిపిస్తున్నట్టుంది. ఏడుపు రాలేదు. నిద్ర వచ్చింది, విచిత్రంగా. అలా నిలబడే ఒక కునుకు తీశానేమో కూడా.

మర్నాడు మా ఆయన నన్ను ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు కుర్రవాడు. మోకాలు చూపించి చెప్పుకొస్తుంటే తలాడిస్తూ విన్నాడు గానీ, మోకాలిని ముట్టుకోలేదు. బల్లమీద పడుకోబెట్టి, కాలు మడిచి, పాదాన్ని నెమ్మదిగా బయటికి తిప్పాడు. గజ్జల్లో మెరుపు మెరిసినట్టయి కేకపెట్టాను.

"దొరికింది" అన్నాడు హిందీలో, దొంగని పట్టుకున్నవాడిలాగా. "ఆంటీజీ, నొప్పి ఇక్కడ పుట్టి మోకాల్లో కనబడుతోంది."

ఎక్స్‌రే తీయించి వెలుతురుకి పట్టి చూపించాడు. ఎడమవైపు తుంటిగిన్నెకీ గుండ్రటి ఎముకకీ మధ్య సన్నటి నల్లటి చార ఉంది. కుడివైపు ఆ చార దాదాపు లేదు. బూడిదరంగులో, మంచుపొగలో కనిపించే రెండు కొండల్లాగా ఉన్నాయి నా ఎముకలు. నాలోపల ఇంత నిశ్శబ్దమైన చోటు ఒకటుందా అనిపించింది.

"గద్దీ ఘిస్ గయీ హై" అన్నాడు డాక్టరు. రెండు ఎముకల మధ్య మెత్తగా ఉండేదాన్ని ఇక్కడి డాక్టర్లందరూ గద్దీ అనే అంటారట. అది అరిగిపోయిందని.

నాకు నవ్వాగలేదు. "నేను పని చేసేదీ గద్దీ మీదే డాక్టర్ బాబూ" అన్నాను.

ఆయనా నవ్వాడు. "అయితే ఆ గద్దీ దిగండి. అప్పుడు ఈ గద్దీ కొన్నాళ్ళు మన్నుతుంది."

మా ఆయన మాత్రం నవ్వలేదు. "ఆపరేషన్ చెయ్యాలా?" అని అడిగాడు.

చెయ్యొచ్చు గానీ ఇప్పుడే అక్కర్లేదన్నాడు డాక్టరు. అరిగింది తిరిగి రాదు. కానీ చుట్టూ ఉన్న కండలు గట్టిపడితే కీలు మీద భారం తగ్గుతుంది. కాస్త బరువు తగ్గాలి. నేలమీదా చిన్నపీట మీదా కూర్చోకూడదు. కర్ర పట్టుకోవాలి. నొప్పి మాత్రలు మరీ భరించలేని రోజునే, అవి పొట్టకీ కిడ్నీలకీ మంచివి కావు. ఇవన్నీ చేశాక కూడా నిద్రపట్టనంత నొప్పి ఉంటే, అప్పుడు ఆపరేషన్ గురించి మాట్లాడుకుందాం. "అది ఎక్కడికీ పారిపోదు" అన్నాడు.

ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. కత్తికి భయపడలేదు నేను. ఆసుపత్రి వరండాలకి భయపడ్డాను. మా బావకి పక్షవాతం వచ్చినప్పుడు అప్పకి తోడుగా ఆ వరండాల్లో చాలా రోజులు కూర్చున్నాను. ఫినాయిల్ వాసనొస్తే ఇప్పటికీ ఆ పొద్దుటి వెలుగు, ఆ బెంచీ, అప్ప ఒళ్ళో మడిచి పెట్టుకున్న బావ చొక్కా కళ్ళకి కడతాయి.

అప్ప అంటే మా అక్క. మా నాన్న పలాస అవతల ఊరినుంచి కూలిపనికి, హిందీ మాట్లాడే ఈ కార్ఖానాల ఊరికి వచ్చాడు. మేమిద్దరం ఇక్కడే పుట్టాం గానీ, ఇంట్లో అప్ప అనే పిలుపు ఆ ఊరిదే మిగిలింది. నేను సీతారాండేరాలో ఉంటాను. అప్ప సువర్ణరేఖ నది అవతల మాంగో పేటలో, లిఫ్టు లేని పాత బిల్డింగులో మూడో అంతస్తులో ఉంటుంది. బావ లారీ నడిపేవాడు. పక్షవాతానికి ఆయన కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి, మాటలూ పోయాయి. ఒక్కటి తప్ప. ఎందుకో ఆ ఒక్కటే నిలిచింది. "పద." ఆకలేసినా పద, దాహమేసినా పద, కోపమొచ్చినా పదే. లారీ మీద బతికినవాడు కదా.

ఆయన్ని వదిలి అప్ప ఎక్కడికీ కదలలేదు. అందుకని ఆదివారాలు నేనే వెళ్ళేదాన్ని. కాలు ముదిరాక ఒక ఆదివారం మొదటి మలుపు దాకా ఎక్కి, అక్కడే మెట్టుమీద కూలబడ్డాను. పైకి పోలేను, కిందికి రాలేను. చివరికి పసిపిల్లలు దిగినట్టు, ఒక్కో మెట్టూ కూర్చుంటూ దిగాను. ఆ తర్వాత పైకి వెళ్ళడం మానేశాను.

వెళ్ళడం మాత్రం మానలేదు. కింది వాటావాళ్ళు గేటు పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసేవారు. నేను దానిలో, అప్ప పైన బాల్కనీలో. ఇద్దరి చెవుల దగ్గరా ఫోన్లు. తలెత్తి చూస్తే ఆకాశం ముందు అప్ప ముఖం, ఆరేసిన బావ లుంగీ పక్కన. తన నోరు కదిలిన కాస్సేపటికి గానీ మాట నా చెవికి చేరేది కాదు. కలలో మాట్లాడుకున్నట్టుండేది.

"నిన్ను సూసీ సూసీ మెడ పట్టేత్తందే" అనేది అప్ప.

"నాకు మాత్రం పట్టదేటి? నువ్వు కిందకి సూత్తన్నావు, నాను పైకి సూత్తన్నాను."

"మీ బావ నీ గురించి అడుగుతన్నాడే."

"ఏటన్నాడు?"

"పద అన్నాడు. మరేటంటాడు?"

"అది నా గురించని నీకెలగ తెలుసు?"

"గుమ్మంకేసి సూసి అన్నాడే. ఆదారం పొద్దున్నే గుమ్మంకేసి సూత్తాడు."

తాడుకి కట్టిన బుట్ట కిందికి దిగేది. దానిలో గిన్నె, గిన్నెలో ఇంకా వేడిగా ఉన్న ఏదో ఒక కూర. ఖాళీ బుట్టలో నేను పళ్ళు పెట్టి పంపేదాన్ని. దారిన పోయేవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుకునేవాళ్ళు. మేమూ నవ్వుకునేవాళ్ళం. ఇంటికి వచ్చే ఆటోలో మాత్రం నది మీదుగా పోతున్నప్పుడు గిన్నె ఒళ్ళో పెట్టుకుని వెనక్కి తిరిగి చూస్తుండేదాన్ని.

మా ఇంటికి దగ్గర్లోనే ఒక ఫిజియోథెరపీ గది ఉంది. డాక్టరు రాసిస్తే అక్కడికి వెళ్ళాను. కసరత్తులు నేర్పే అమ్మాయి తెలుగువాళ్ళ పిల్లే. వాళ్ళ నాయనమ్మ నాకు బాగా తెలుసు. నేను తెలుగులో అడిగితే ఆ అమ్మాయి హిందీలో జవాబు చెప్పేది, ఇక్కడి పిల్లలందరిలాగే. మొదటిరోజు నన్ను నడిపించి, కూర్చోబెట్టి, లేపి చూసి, "ఆంటీ, మీకు ఏం చెయ్యాలని ఉంది?" అని హిందీలోనే అడిగింది.

నొప్పి పోవాలి అందామనుకున్నాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది. "మా అప్ప వాళ్ళ మూడో అంతస్తు ఎక్కాలి."

ఆ అమ్మాయి నవ్వలేదు. "తీన్ తల్లా. అచ్ఛా" అని, పడుకోమంది.

మోకాళ్ళు మడిచి వెల్లకిలా పడుకుని, పాదాలు ఆనించి, నడుం పైకెత్తి ఆపడం మొదటిది. "పుల్ బనాయియే ఆంటీ" అనేది. వంతెన కట్టమని. నాకు పుల్ అంటే అప్ప ఇంటికి పోయే మాంగో పుల్లే. ఇంట్లో పొద్దున్నే మంచంమీద వంతెన కట్టి కళ్ళు మూసుకుంటే, నా మీదినుంచి ఆటోలు పోతున్నట్టు, కింద నల్లరాళ్ళ మధ్య నది సన్నగా పారుతున్నట్టు ఉండేది. తొడలు వణికేవి. వణికితే వంతెనమీద బస్సేదో పోతోందనుకునేదాన్ని. రెండోది ఎడమవైపుకి ఒత్తిగిలి కుడికాలు పైకెత్తడం. అది చాలా కష్టం. చూడ్డానికి ఏముంది, జానెడు ఎత్తు. ఆ జానెడు ఎత్తడానికి నాకు చెమటలు పట్టేవి.

నాలుగు రోజులయ్యాక చూస్తే, మా ఆయన మంచం పక్కన చాప వేసుకుని తనూ కాలెత్తుతున్నాడు.

"ఏటండీ, మీకేటయింది?"

"ఒక్కదానివీ సేత్తే బద్దకమేత్తాది గదా" అన్నాడు. కాలు నెమ్మదిగా దించి, "అలగ దబీమని పడీకే. దింపడంలోనే ఉంది పనంతా. లోడు ఊగకూడదు" అన్నాడు.

అప్పటినుంచీ రోజూ పొద్దున్న ఇద్దరం చెరో వైపూ, కిటికీలోంచి మంచు తెల్లగా లోపలికి వస్తుంటే, బరువులు దింపుకుంటూ పడుకునేవాళ్ళం. కార్ఖానా సైరన్ మోగితే ఆయన కాలు అలవాటుకొద్దీ ఒక్క క్షణం ఆగేది.

కర్ర దగ్గర మాత్రం నేను మొండికేశాను. ఆయన సాక్చిలో కొని తెచ్చిన కర్రని బీరువా పక్కన దాచేశాను. అది పట్టుకుంటే బజారులో నా ముఖం మారిపోతుందనిపించేది. ఫిజియో అమ్మాయి అడిగింది, తేలేదన్నాను. తన దగ్గరున్నది ఇచ్చింది. కుడికాలు నొప్పి కనక కుడిచేత్తో అందుకున్నాను.

"నహీఁ ఆంటీ, దూస్రా హాథ్" అంటూ ఎడమచేతికి మార్చింది. నొప్పి ఉన్న కాలికి అవతలి చేతిలో ఉండాలట. నొప్పికాలూ కర్రా కలిసి ముందుకు పోవాలట.

నాకు నమ్మకం కుదరలేదు. అయినా అడుగేశాను. అప్పుడు తెలిసింది. నీళ్ళు నింపిన పెద్ద గంగాళం ఒక్కదాన్నే మోసుకుపోతుంటే ఎవరో వచ్చి రెండో చెవి పట్టుకున్నట్టయింది. ఆ గదిలో అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాను. ఆ అమ్మాయి చాలనేదాకా ఆగలేదు. ఇంటికొచ్చి బీరువా పక్కనుంచి నా కర్ర తీశాను. మా ఆయన చూశాడు. టీ తాగడంలో మునిగిపోయినట్టు నటించాడు.

దుకాణంలో సేఠ్‌తో చెప్పాను, ఇక గద్దీమీద కూర్చోలేనని. ఆయన ముందువైపు ఫాల్సూ జాకెట్టు గుడ్డలూ అమ్మే ఎత్తు బల్ల దగ్గరికి మార్చాడు. ఎత్తు స్టూలు వేయించాడు. ఎవరైనా చీర తెచ్చి దాని రంగుకి సరిపడే గుడ్డ అడిగితే వెతికి ఇవ్వాలి. మంచి పనే. కానీ గద్దీవైపు కొత్తగా వచ్చిన అమ్మాయి కొంగు విసిరినప్పుడల్లా నా భుజం దానంతటదే కదిలేది. దూరంనుంచి ఆ రంగులు చూస్తూ చాలా రోజులు బెంగపడ్డాను. ఆ బెంగ ఎప్పుడు పోయిందో నాకు గుర్తులేదు.

రాత్రి అన్నం తగ్గించాను. పొద్దున్న ఎత్తుపల్లాలు లేని వీధిలో కొద్దికొద్దిగా నడక. జనవరిలో మంచు నదివైపునుంచి వచ్చి వీధులన్నీ నింపేది. పది అడుగుల ముందు మా ఆయన మఫ్లరు చుట్టుకుని, తెల్లటిదాంట్లో కరుగుతూ కనబడుతూ. నా కర్ర చప్పుడు ఒక్కటే నాది. అలాంటప్పుడు నడుస్తున్నది నేనో, నేనెక్కడో పడుకుని కలగంటున్నానో తెలిసేది కాదు. నొప్పి ఉండేది. కాకపోతే అది కూడా కాస్త దూరాన్నుంచి, పక్కింట్లో రేడియోలాగా వినబడేది.

మెట్లు చివర నేర్పింది ఆ అమ్మాయి. ఎక్కేటప్పుడు ముందు మంచికాలు, తర్వాత నొప్పికాలూ కర్రా. దిగేటప్పుడు ముందు కర్రా నొప్పికాలూ, తర్వాత మంచికాలు. రెండో చెయ్యి ఎప్పుడూ మెట్ల పక్క కమ్మీ మీద. తొందర అసలు లేదు. మా డాబా మెట్లమీద సాయంత్రాలు అదే పని. ఎక్కి, డాబామీద నిలబడి, దూరంగా దల్మా కొండ మసకబారడం చూసి, దిగేదాన్ని.

హోలీ ముందు, సాలు చెట్లు పూతకొచ్చిన రోజుల్లో ఒక ఆదివారం బయల్దేరాం. అప్పకి చెప్పలేదు. ఎక్కలేకపోతే ఏం చెప్పాలో తెలియక. కింది వాటావాళ్ళు కుర్చీ తేబోతే వద్దని చెయ్యి ఊపాను. మా ఆయన నా వెనక ఒక మెట్టు కింద నిలబడ్డాడు. "నిదానం" అన్నాడు. అంతే.

ఆ మెట్లదారికి సిమెంటు జాలీ ఉంది. ఆ చిల్లుల్లోంచి ఎండ ముక్కలు ముక్కలుగా మెట్లమీద పడుతోంది. ఎండముక్క మీద మంచికాలు, పక్కన నొప్పికాలు, కర్ర. మళ్ళీ ఎండముక్క. ఎక్కడో పావురాలు గొంతులో నీళ్ళు పోసుకున్నట్టు కూస్తున్నాయి. మొదటి అంతస్తులో చేపలు వేగుతున్న వాసన. తలుపు తీసి ఉంది. బెంగాలీ ఆవిడ నన్ను చూసి, ఏమీ అడక్కుండానే లోపలికి వెళ్ళి, ఎత్తు చెక్కకుర్చీ తెచ్చి మలుపులో వేసింది. "బోసో, బోసో" అంది, కూర్చోమని. కూర్చున్నాను. ఇన్నాళ్ళూ కింద కుర్చీలో నన్ను చూస్తున్న మనిషే. కిందినుంచి నాకు ఆవిడ కిటికీ మాత్రం తెలుసు.

రెండో అంతస్తుకి వెళ్ళేసరికి గజ్జల్లో వేడి మొదలయింది. గోడకి ఆనుకుని ఆగాను. జాలీలోంచి కింద గేటు, నేను కూర్చునే చోటు చిన్నగా కనబడ్డాయి. అక్కడ కూర్చున్న మనిషి వేరు, ఇక్కడ నిలబడ్డ మనిషి వేరు అనిపించింది. మా ఆయన అరచెయ్యి నా వీపుకి తగలనట్టుగా తగిలి ఉంది.

కర్ర చప్పుడు పైకి వినిపించినట్టుంది. పైనుంచి అప్ప గొంతు. "ఎవరది?"

"నానే అప్పా."

"ఎక్కడున్నావే? కింద కుర్సీలో లేవేటి?"

"మీ మెట్లమీదున్నాను."

దబదబా అడుగులు. మలుపు దగ్గర అప్ప కనబడింది. చేతులకి పిండి. "ఓలమ్మ! ఏటే ఇది! ఉండు, ఉండు, నాను దిగొత్తన్నాను, నన్నట్టుకో."

"వద్దొదినా" అన్నాడు మా ఆయన. "ఎక్కనీ. తనే ఎక్కుతాది."

అప్ప ఆగిపోయింది. వెనక్కి ఎక్కి, పై మెట్టుమీద కూర్చుంది. పిండి చేతులు మోకాళ్ళమీద పెట్టుకుని నన్ను చూస్తూ. ఆ ఆఖరి వరసంతా నేను తన పాదాలు చూస్తూ ఎక్కాను. మడమల దగ్గర పగుళ్ళు, మా అమ్మకి ఉన్నట్టే. వెండి మెట్టెలు. చాలా కాలమయింది ఆ పాదాలు చూసి. బాల్కనీలోంచి ముఖం కనబడేది గానీ పాదాలు కనబడవు కదా. పై మెట్టుకి వచ్చాక నేను వంగలేను, అప్ప లేవలేదు. తను నా నడుం చుట్టూ చేతులు వేసి, పొట్టకి ముఖం ఆనించి అలా ఉండిపోయింది. నా చీరంతా పిండి.

లోపల బావ కిటికీ పక్క మంచంమీద దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. నన్ను చూశాడు. గుమ్మంవైపు చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. ఎడమచెయ్యి దుప్పటిమీద రెండుసార్లు కొట్టాడు.

"పద" అన్నాడు.

"వచ్చీసింది గదా, ఇంకెక్కడికి పదమంటావు?" అంది అప్ప.

ఆయన ముఖం సగం నవ్వింది. ఆ సగం నవ్వు చూసి మేం ముగ్గురం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ అప్ప ముక్కు చీదుకుంది. నేను బావ పక్కన కుర్చీలో, రెండు బొంతలు మడిచి ఎత్తు చేసుకుని కూర్చుని, ఆయన ఎడమచెయ్యి పట్టుకున్నాను. లారీ స్టీరింగు పట్టిన చెయ్యి. ఇంకా గట్టిగానే ఉంది. ఆయన వదల్లేదు, నేనూ వదల్లేదు.

అన్నాలయ్యాక వెంటనే దిగే ఓపిక లేదు. మా ఆయన బావ దగ్గర కూర్చుని క్రికెట్ పెట్టాడు. నేనూ అప్పా లోపలి గదిలో మంచంమీద పడుకున్నాం. ఎడమవైపుకి ఒత్తిగిలి, మోకాళ్ళమధ్య దిండు పెట్టుకున్నాను. అలా పెట్టుకుంటే తుంటికి హాయి. నా వెనక అప్ప. ఫ్యాను కిర్రుమంటోంది. అప్ప ఏదో చెబుతోంది, పిండి బాగా కలవలేదనో, నీళ్ళు రావడంలేదనో. ఆ మాటలు వింటూనే నిద్రలోకి జారాను. మెలకువ వచ్చేసరికి కిటికీ ఊచల నీడలు గోడమీద వాలిపోయి ఉన్నాయి. ఎవరింట్లోనో కుక్కరు కూసింది. నేను ఎక్కడున్నానో, నాకు ఎన్నేళ్ళో తెలియలేదు. భుజంమీద అప్ప చెయ్యి ఉంది. చిన్నప్పుడు మేం పడుకున్న ఒంటిగది ఇల్లే అనుకున్నాను. ఇంకాసేపట్లో నాన్న డ్యూటీ దిగి వస్తాడనుకున్నాను. నొప్పి గుర్తే లేదు. కదిలితే గుర్తొస్తుందని కదలకుండా చాలాసేపు అలాగే ఉన్నాను.

దిగడానికి ఎక్కినదానికన్నా ఎక్కువసేపు పట్టింది. ఆ వారమంతా కాలు నన్ను బతకనివ్వలేదు. వేడినీళ్ళ సంచీ పెట్టుకుని మంచంమీదే ఉన్నాను. ఫిజియో అమ్మాయి విని ముందు కళ్ళు పెద్దవి చేసింది, తర్వాత హిందీలో చడామడా తిట్టింది. పని చేశాక వచ్చే నొప్పి మర్నాటికి తగ్గిపోతే సరే, తగ్గకుండా ఉందంటే చేసింది ఎక్కువైనట్టని చెప్పింది. చివర్లో ఒక్కసారిగా తెలుగులోకి వచ్చి, "మీ అప్పకి సంతోషమయిందా ఆంటీ?" అని అడిగింది. మాటలు కూడబలుక్కుంటూ. ఆ అమ్మాయి నోట తెలుగు వినడం అదే మొదటిసారి. అయిందన్నాను.

ఇప్పుడు కాలు మాట వినే ఆదివారాలు ఎక్కుతాను, బెంగాలీ ఆవిడ కుర్చీలో సగంసేపు గడుపుతూ. వినని ఆదివారాలు కిందే కూర్చుంటాను, ఫోను పట్టుకుని. వానాకాలం కీలు బిగుసుకుంటుంది. కసరత్తు మానేసిన వారం కాలు వెంటనే పసిగడుతుంది. గోళ్ళు మా ఆయనే తీస్తాడు, కళ్ళజోడు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి. డాక్టరు మళ్ళీ ఎక్స్‌రే తీయించాడు. బాగుపడలేదు, మరీ చెడనూ లేదు. ఇలాగే కానివ్వండి అన్నాడు.

మొన్న పైన ఉన్నప్పుడు అప్ప అడిగింది. "ఆపరేసన్ సేయించుకుంటే గెంతులేత్తారంట కదే. మా పై వాటా పంజాబీ ఆవిడ సేయించుకుంది. బజారుకి తనే ఎల్తంది."

"సేయించుకోవాల్సొత్తే సేయించుకుంటాను అప్పా. ఇప్పుడంటే బయం కూడా లేదు."

"మరి?"

"ఇప్పటికి ఇలగ సాగుతంది గదా."

ఇద్దరం బాల్కనీలో నిలబడి ఉన్నాం. దల్మామీద మబ్బు దిగింది. కొండ సగం కనబడడంలేదు. వాన అక్కడ మొదలయి, ఇళ్ళకప్పుల మీదుగా బూడిదరంగు తెరలాగా ఇటు వస్తోంది. చూస్తుండగా ఒక్కో బిల్డింగూ దానిలోకి వెళ్ళిపోతోంది. మా దాకా రావడానికి ఇంకా టైముంది. లోపల బావకి మా ఆయన స్కోరు చెబుతున్నాడు. అప్ప తాడుమీది బట్టలు ఒక్కొక్కటే తీసి నా భుజంమీద వేస్తోంది. అవి ఇంకా ఎండకి వెచ్చగా ఉన్నాయి.